టీకాల ఆయనకి తలుపు తీసిన వారం

మా పెద్దాడికి అప్పుడు అయిదో నెల. జగ్గయ్యపేటలో మా ఇంటికి రెండిళ్ళవతల ఏడేళ్ళ పిల్లకి పెద్దమ్మవారు పోసింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ మా అత్తగారు వీధి తలుపు తీయనివ్వలేదు. ఆవిడ ముఖం నిండా మచ్చలే. చిన్నతనంలో మశూచి వచ్చి బతికిన మనిషి. తర్వాత కడుపున పుట్టిన ఇద్దరు ఆడపిల్లల్ని దానికే పోగొట్టుకుంది.

మూడో రోజు టీకాల ఆయన వచ్చి తలుపు కొట్టాడు.

"పసిపిల్లలెవరూ లేరు. కోడలు పుట్టింటికెళ్ళింది," అంది అత్తగారు లోపలి నుంచే.

గదిలో పిల్లాణ్ణి గుండెకదుముకుని నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే వాడు గుక్కపట్టాడు.

ఆ ఏడుపు ఆయనకీ వినిపించే ఉంటుంది. "అమ్మా, మీకెప్పుడైనా అమ్మవారు పోసిందా?" అనడిగాడు.

"పోసింది. అయితే?"

"మళ్ళీ వచ్చిందా?"

"ఒకసారి వచ్చినోళ్ళకి మళ్ళీ ఎందుకు వచ్చుద్ది?"

"టీకా కూడా అంతేనండి. చేతిమీద ఒక్క పొక్కు లేచి పోద్ది. ఆ పెద్దది ఇక దగ్గరికి రాదు."

"తల్లి వీధిలో ఉండగా సూది పొడిస్తే కోపగించుకుంటది," అంది అత్తగారు. గొంతులో ఇందాకటి గట్టితనం లేదు.

"గడియ తీయండి అత్తయ్యా. ఏమన్నా అయితే నన్ననండి," అన్నాను. ఆవిడకి ఎదురు చెప్పడం నాకదే మొదలు.

ఆవిడ తీయలేదు. పక్కకి జరిగింది. నేనే తీశాను.

ఆయన పిల్లాడి జబ్బకి మందు రాసి, సన్నటి పళ్ళున్న బిళ్ళని ఆనించి తిప్పాడు. "చిన్నప్పుడు వేయించుకున్నదాని బలం ఏళ్ళు గడిస్తే తగ్గుద్ది, పెద్దాళ్ళు మళ్ళీ వేయించుకోవాలమ్మా," అంటూ నాకూ వేశాడు.

ఏడో రోజుకి పొక్కు చీము పట్టింది. పిల్లాడి ఒళ్ళు కాలిపోయింది, పాలు ముట్టలేదు. ఇంకెక్కడన్నా పొక్కులు లేచాయేమోనని అత్తగారు గంటకోసారి వాడి అరికాళ్ళూ వీపూ తడిమి చూసేది. నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. ఆ సాయంత్రమే రెండిళ్ళవతల నుంచి ఏడుపులు వినిపించాయి. ఆ పిల్ల పోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

తొమ్మిదో రోజు జ్వరం దిగింది. పొక్కు ఎండటం మొదలుపెట్టింది.

ఆ శనివారం నందిగామలో ఉద్యోగం చేస్తున్న మా ఆయన బస్సు దిగి వచ్చారు. అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"టీకా వేయించుకున్నావా?"

"చిన్నప్పుడు వేయించే ఉంటావుగా అమ్మా."

"లేదురా. ఆళ్ళొస్తే నిన్ను గడ్డివాము చాటున దాచింది నేనే. ఎళ్ళు. వేయించుకునే రా."

ఆయన సంచి కింద పెట్టకుండానే వెనక్కి తిరిగారు. పై శనివారం జబ్బ మీది పొక్కు చూపించాకే లోపలికి రానిచ్చింది.