అక్క బ్రేకు నొక్కింది

ఈ మాట ఇన్నేళ్లుగా నా కడుపులోనే ఉంది. అమ్మకు చెప్పలేదు. నా భార్యకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. పిరికివాళ్లు ఒప్పుకునే పద్ధతి ఇదేనేమో.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల కొట్టు వెనక వరండాలో కొన్నాళ్లుగా ఒక పాత రోడ్ సైకిల్ బాగుచేస్తున్నాను. సన్నటి చక్రాలు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్. తుప్పు గీకాను, చైన్ కిరోసిన్‌లో నానబెట్టాను, కొత్త బ్రేకు తీగలు వేశాను. ఎల్బీనగర్‌లో ఉండే మా అక్క కూతురు ఈ మధ్యే కాలేజీలో చేరింది. దాని కోసమే. పని అయిపోయింది, చెయ్యి మాత్రం ఊరుకోదు. గిరాకీ ఉన్నా లేచి వెళ్లి రిమ్ములు తడిమి చూస్తాను. పొడిగానే ఉంటాయి. వచ్చి కూర్చుంటాను. మళ్లీ లేస్తాను.

నా మొదటి సైకిల్ ఇలాంటిదే. పోచంపల్లి పక్క ఊరి నుంచి మగ్గంతో సహా ఎల్బీనగర్ వచ్చిన కొత్తలో నాన్న సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. కొన్నది నాకు, ముందు నేర్చుకున్నది అక్క. దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీకి దానిమీదే పోయేది. నాకు కుళ్లుగా ఉండేదా? ఉండేది. కానీ నేను చేసింది కుళ్లుతో కాదు. అది నమ్మండి. నమ్మకపోయినా సరే, ఇప్పుడు దానివల్ల మారేదేముంది?

దసరాకి మా ఇంట్లో మగ్గానికి పూజ. ఆనాడు ఏ పనిముట్టూ పొడిగా ఉండకూడదని నాన్న నియమం. కడిగి, నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టాలి. నూనె పడితే మగ్గం మీద పోగును మోసే నాడె అటూ ఇటూ చక్కగా జారుతుంది. మాకు తెలిసిన భక్తి అదే. సైకిల్ నాకు అప్పగించారు. మగ్గం దగ్గరి నూనెగుడ్డ తీసుకుని రెండు రిమ్ములూ తళతళలాడేదాకా రుద్దాను. బ్రేకు రబ్బర్లు పట్టుకోవాల్సింది ఆ రిమ్మునేనని నాకు తట్టనే లేదు. నాన్న భుజం తట్టి మెచ్చుకున్నాడు.

మర్నాడు అక్క ఆ సైకిల్ మీద తన స్నేహితురాలి ఇంటికి బయలుదేరింది. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర, దిగుడులో సైకిల్ ఆగలేదు. బత్తాయిల బండిని గుద్దింది. కుడి మణికట్టు విరిగింది.

ఇక్కడిదాకా పొరపాటు. తర్వాతిది పొరపాటు కాదు.

ఎవరో సైకిల్ తెచ్చి గోడకు ఆనించి పోయారు. అందరూ దవాఖానలో ఉన్నారు. రిమ్ము ముట్టుకున్నాను. వేలికి నూనె అంటింది, అప్పుడు అర్థమైంది. కిరోసిన్ గుడ్డతో రిమ్ములు తుడిచాను, రబ్బర్లు సబ్బుతో కడిగాను, నాన్న వచ్చేలోపు ఎండలో పెట్టాను. అంత శ్రద్ధగా నేను చేసిన పని మరొకటి లేదు, ఇప్పటి ఈ సైకిల్ తప్ప.

సాయంత్రం అక్క చేతికి కట్టుతో మంచం మీద కూర్చుంది.

"బ్రేకు నొక్కిన నాయినా. ఆగలే. ఒట్టు."

నాన్న చక్రం తిప్పి బ్రేకు నొక్కాడు. టక్కున ఆగింది. నా వైపు తిరిగాడు. "ఏందిరా? పూజకు సాఫ్ జేసింది నువ్వే గదా. బ్రేకు ఎట్లుండె?"

"మంచిగనే ఉండె నాయినా."

"ఉరికిచ్చుడు తెల్సు గని, ఆపుడు తెల్వదు దీనికి" అన్నాడు నాన్న.

అక్క నన్ను చూసింది. కోపంగా కాదు, నిజమేనా అని అడుగుతున్నట్టు. నేను తల దించుకున్నాను.

అక్కతో సైకిల్ మాన్పించారు. కట్టు విప్పాక కాలేజీ కూడా. ఆ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఆమె చేతినీ చదువునూ పాడుచేశానని నాలో నేను కుమిలేవాణ్ని. అంతకంటే పెద్దది ఇంకొకటి పాడుచేశానని మొన్న ఆదివారం తెలిసింది. సైకిల్ సంగతి ఎత్తగానే అక్క నవ్వుతూ అంది: "వద్దు తమ్మీ. ఆనాడు పరేషాన్ల బ్రేకు నొక్కాల్నని నాకే యాదికి రాలే. నా బిడ్డ గూడ గంతే ఉంటది."

ఒట్టేసి చెప్పిన మనిషి, నొక్కలేదని తనే నమ్మేసింది. నా అబద్ధాన్ని నేను మరిచిపోలేకపోతే, ఆమె తన నిజాన్నే మరిచిపోయింది. ఇప్పుడు ఆ అబద్ధాన్ని కూతురి నెత్తిన కూడా పెడుతోంది.

ఇక్కడిదాకా రాసి ఆపేశాను. కూర్చోలేకపోయాను. సైకిల్ ఎక్కి, మెట్రో స్తంభాల పక్కగా, అదే కొత్తపేట మీదుగా అక్క ఇంటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. నూనెగుడ్డ సంగతి, కిరోసిన్ సంగతి, అన్నీ. అక్క ఒక్కటే అడిగింది.

"అయితే ఆనాడు నేను బ్రేకు నొక్కిన్నా?"

"నొక్కినవక్కా."

కూర్చోమనలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

సైకిల్ వాకిట్లోనే వదిలి మెట్రోలో వచ్చేశాను. కూతురిని తొక్కనిస్తుందో, పాతసామాన్ల వాడికి వేసేస్తుందో తెలియదు. నాతో మళ్లీ మాట్లాడుతుందో లేదో కూడా తెలియదు. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. నాన్న ముందు అనాల్సిన మాట, ఆయన పోయిన ఇన్నేళ్లకు అన్నాను. అక్క బ్రేకు నొక్కింది.