నారాయణప్ప గుండె పటం

2005లో నేను బెంగళూరులో ఒక గుండె ఆస్పత్రి ల్యాబ్‌లో నర్సుని. మా ఊరు పెనుకొండ. హిందూపురం, ధర్మవరం వైపు నుంచి ఎవరొచ్చినా, తెలుగు రాని మా డాక్టరు మాట వాళ్లకూ, వాళ్ల మాట డాక్టరుకూ చేరవేసేది నేనే.

అలా వచ్చినవాడు నారాయణప్ప. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి, యాభై దాటలేదు. ఆయనది ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి ఊరికే అదురుతూ ఉండే జబ్బు. ఎన్ని మందులు మార్చినా లొంగలేదు. మగ్గం ముందు కూర్చుంటే ఆయాసం, లేస్తే కళ్లు తిరగడం.

మా ల్యాబ్‌కి అప్పుడే కొత్త మ్యాపింగ్ యంత్రం వచ్చింది. తొడ దగ్గర రక్తనాళంలోంచి క్యాథటర్ అనే సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి లోపలి గోడను తాకిస్తూ పోతే, కంప్యూటరు రంగుల్లో పటం గీస్తుంది. విద్యుత్ సంకేతాలు చిందరవందరగా ఉన్న చోట్లు వెతికి, ఆ గొట్టం కొసతోనే వేడి పెట్టి కాల్చేస్తే అదురు ఆగుతుందేమోనని డాక్టరు పరీక్షిస్తున్నారు.

"ఇది ఇంకా పరీక్షలోనే ఉంది, నయమవుతుందని మాట ఇవ్వలేను. ఈ సంగతి స్పష్టంగా చెప్పు," అన్నారు నాతో. చెప్పాను.

"పోగు యాడ తెగిందో కనపడితే ముడేసేది ఎంతసేపమ్మా! చెయ్యమను," అన్నాడు నారాయణప్ప.

చికిత్స రోజు బల్ల మీద మెలకువగానే ఉండి కంప్యూటరు తెర వైపు చూశాడు. "అదేనా నా గుండె?"

"అదేనన్నా."

కాలుస్తూ పోగా అదురు ఆగి లయ వచ్చింది. బయట ఆయన భార్య రత్నమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. మళ్లీ మ్యాపింగ్ చేశాం. ఈసారి ఆ చోట్లు వేరే వైపు ఉన్నాయి. వాటిని కాలుస్తుంటే ఇంకోచోట పుట్టుకొచ్చాయి. చివరికి ఇక లాభం లేదని డాక్టరు క్యాథటర్ బయటికి లాగేశారు.

మరుసటి వేసవిలో, రక్తం పలచబరిచే మందు వేసుకుంటూనే ఉన్నా, గుండెలో కట్టిన గడ్డ మెదడుకి పోయి పక్షవాతం వచ్చింది. సెలవులో వెళ్లి చూశాను. మగ్గం తీసేసి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంట మీద పలకలు పరిచి ఆయన మంచం వేశారు. కుడి చెయ్యి కదలడం లేదు.

"నేనే తినిపిస్తాండా. ఎడమ చేత్తో తినమంటే సిగ్గంటాడు," అంది రత్నమ్మ.

ఆయన మాట ముద్దగా వస్తోంది. "నా గుండెలో... మీకు ఏమి తెలిసిందమ్మా?"

అబద్ధం నోటికి రాలేదు. "ఆ చోట్లు నిలకడగా ఉండవని తెలిసిందన్నా. వాటిని కాలిస్తే సరిపోదని."

"అంతేనా?"

"అంతేనన్నా."

ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నేను బయల్దేరేదాకా మళ్లీ ఇటు తిరగలేదు.

తర్వాత యంత్రాలు మారాయి, కొందరికి నయమైంది కూడా. పటం ఎంత స్పష్టంగా కనిపించినా అది ఆ కాసేపటి గుండెదే, జబ్బు మూలం దానికి అందకపోవచ్చు. నారాయణప్ప వల్ల మేం నేర్చుకున్నది అది. ఆయనకి అది ఎందుకూ పనికిరాలేదు.