ఘాటు అంటని పేజీలు

పొదిలి నుంచి ఒంగోలు వెళ్లే బస్సులో, మిరపకోతల నుంచి వస్తున్న నడివయసు ఆవిడ నా పక్కన కూర్చుంది. సంచిలోంచి ప్రార్థన పుస్తకాన్ని కొంగుతో పట్టుకుని తీసి, నా ఒడిలో పెట్టింది.

"కాస్త పేజీలు తిప్పమ్మా, నేను చదువుకుంటా. ఎంత కడిగినా నా చేతులకి ఘాటు పోదు. ఇంటికెళ్లగానే మా అత్త దీన్ని కళ్లకద్దుకుంటుద్ది. కళ్లు మండిపోవూ?"

ఒంగోలు దాకా తిప్పుతూనే ఉన్నాను. ఆమె పెదవులు కదుపుతూ చదివి, పేజీ అయిపోగానే తలూపేది. దిగేటప్పుడు, "దేవుడు నిన్ను చల్లగా చూడాలమ్మా" అంది.

ఇంటికి వచ్చాక, అమ్మ పోయినప్పటి నుంచి తెరవని తన స్తోత్రాల పుస్తకం బయటికి తీశాను. పేజీల అంచులనిండా అమ్మ పసుపు వేళ్ల గుర్తులు.

కళ్లకద్దుకున్నాను.