మా నాయన కథకు పరాయి మంగళం

మొన్న మా మనుమరాలు ఫోనులో ఏదో సినిమాకు అభిమానులే అల్లేసిన రెండో భాగం చదువుతూ కిలకిలా నవ్వుతోంది. "అసలు రాసినాయనను అడగకుండానే?" అన్నాను. "ఎవరడుగుతరు అమ్మమ్మా!" అంది. నాకు మా నాయన కథ గుర్తొచ్చింది.

మెదక్‌లో మా నాయన బడిపంతులు. పాడే కథలు కట్టడం ఆయన పిచ్చి. పదం కుదిరేదాకా పీట మీదికి రాడని, అన్నం చల్లారిపోతుందని అమ్మ సణిగేది. రజాకార్ల కాలంలో మా చిన్నాయన వాళ్లకు ఎదురు నిలిచిన సంగంలో కలిసి ఇల్లు విడిచాడు. నాయన ఆ కథే కట్టాడు. పేరు మార్చాడు గానీ తమ్ముడి ఎడమచేతి ఆరు వేళ్లను కథలో వదులుకోలేకపోయాడు. వీరుడు "మళ్లొస్త" అని మంజీర ఏరు దాటుతాడు, అంతే. మంగళం మాత్రం పాడలేదు. మా దగ్గర మంగళం పాడితేనే కథ ముగిసినట్టు. పాడనంతవరకు ఆ మనిషి ఇంకా దారిలోనే ఉన్నట్టు. ఆ నమ్మకంతోనే చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, రోజూ తల దువ్వి బొట్టు పెట్టుకునేది. ఆ కథ చాటుమాటుగా ఊళ్లు తిరిగింది.

పోలీస్ యాక్షన్ అయ్యాక ఒక పగటిపూట చేగుంట వైపు నుంచి కథలాయన ఒకడు తంబురతో వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. ఎత్తుకున్నది మా నాయన కథే! నాయన మీసాల్లో నవ్వుకున్నాడు. మంజీర దాటాక కథ ఆగాలి కదా, ఆగలేదు. వీరుడు జొన్నచేలో దాగాడు, తుపాకీ పేలింది, కూలిపోయాడు. కథలాయన మంగళం అందుకున్నాడు.

నాయన ఒక్క ఉదుటున తంబుర లాక్కున్నాడు. "ఎవడు కలుపుమన్నడు నిన్ను? కత నాది! వాణ్ని నేను సంపలే!"

కథలాయన బిత్తరపోయాడు. "మీదని నాకెర్క లేదు పంతులూ. నడుమల ఆగిందని, కండ్లార జూసింది కలిపిన. నిరుడు జొన్న కోతలప్పుడు మా చేన్లనే పడ్డడు. కతల ఉన్నట్టే ఎడమచేతికి ఆరు వేళ్లు. మేమే మన్ను గప్పినం."

జొన్నలు చెరుగుతున్న చిన్నమ్మ చాట దించి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాం.

"దూపన్నడా?" అంది.

"అన్నడమ్మా. మా అవ్వ నీళ్లు తాపింది."

చిన్నమ్మ నాయన వైపు తిరిగింది. "తంబుర ఇచ్చెయ్యుండ్రి బావా. మంగళం పాడనియ్యుండ్రి."

పాడినంతసేపూ నిలబడే వింది. నాయన మళ్లీ కథ కట్టలేదు. మేం ఎదురుచూసిన ఆ చివరి ఏడాదంతా చిన్నాయన అప్పటికే లేడన్న మాట ఇన్నేళ్లయినా నాకు మింగుడుపడదు.