ఖాదర్ క్యాసెట్‌లో గీరుడు

1987లో ఆదోనిలో నాకు రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఖాళీ క్యాసెట్లలో అడిగిన పాటలు ఎక్కించి ఇవ్వడం నా పని. ఎవరినీ ఊరికే నమ్మేవాణ్ణి కాదు. పాడైన క్యాసెట్ తెచ్చి, "నీ మిషనే నమిలేసింది" అంటూ కొత్తది గుంజుకుపోయే ఘనులు మా ఊళ్ళో తక్కువేం కాదు.

ఎమ్మిగనూరు నుంచి ఖాదర్ అనే నేతపనివాడు వచ్చినప్పుడూ నాకు అదే అనుమానం. కువైట్‌లో ఉన్న వాళ్ళన్న పంపిన క్యాసెట్‌కు కాపీ కావాలన్నాడు. పెట్టి విన్నాను. ఎవరో అమెరికా కుర్రాళ్ళు, పాడకుండా దబదబా మాట్లాడుతున్నారు. మధ్యమధ్య కర్‌కర్‌మని గీరుడు.

"ఇది ముందే సెడిపోయిండాది గదప్పా" అన్నాను.

"సెడిపోలేదన్నా. ఆ పాటే అట్లుంటాది. మగ్గం కాడ దినామూ ఇంటాను. పాడిన జట్టు ఇడిపోయిందంట, క్యాసెట్టు తీసిన కంపెనీ గూడా మూసేసినారంట. ఇది పోతే మల్లా దొరకదు. జాగర్త."

జాగర్త అన్నాడంటే రేపటి గొడవకు ఇవాళే దారి వేసుకుంటున్నాడనుకున్నాను. అతనికి ఆ సందు ఇవ్వకూడదని, కోస్తే రెండోవైపూ తెగుతుంది కాబట్టి అది ఖాళీయే అని చూసుకుని, గీరుడున్న ఏడు చోట్లా అతని టేపునే బ్లేడుతో కోసి, ఆ ముక్కలు చెత్తబుట్టలో పడేసి, మిగిలింది అతికించాను. దీన్ని స్ప్లైసింగ్ అంటారు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మర్నాడు ఖాదర్ వచ్చి విన్నాడు.

"పాట యాడికి పాయెన్నా?" అన్నాడు. తిడితే బాగుండేది, తిట్టలేదు.

చెత్తబుట్ట బోర్లించి ఇద్దరం వెతికాం. ఆరు ముక్కలే దొరికాయి. ఏడోది అతనే జేబులో వేసుకున్నాడేమోనని అప్పుడు కూడా అనుకున్నాను. అంత పాడు బుద్ధి నాది.

ఒక్కో ముక్కనూ వేరే టేపుకు అతికించి వినిపిస్తే, "ఇది మూడోది", "ఇది అన్నిటికన్నా ముందుది" అని చెబుతూ పోయాడు. ఒక్కటీ తప్పలేదు.

"అంత గుర్తెట్లప్పా?" అన్నాను.

"ఈ గీరుడు తాళానికే మగ్గం ఆడిస్తానన్నా."

ఆ సంగీతాన్ని హిప్-హాప్ అంటారనీ, సూది కింద రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పి ఆ గీరుడు పుట్టిస్తారనీ చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ జట్టు పనితనమంతా అందులోనే ఉందట. నేను కోసింది దాన్నే. ఖాదర్ వచ్చిపోయాక, ఏ టేపైనా తెచ్చినవాణ్ణి పక్కన కూచోబెట్టుకుని, ఏది పాటో ఏది దోషమో అడగందే బ్లేడు ముట్టలేదు.

ముక్కలు వెతికిన రోజు సాయంత్రమే ఆరింటినీ వాటి చోట్లలో అతికించి, కాపీ తీసి వినిపించాను. ఏడో ముక్క ఉండాల్సిన చోటు రాగానే ఖాదర్ నోటితోనే కర్‌కర్‌మన్నాడు.

"ఈడొకటి ఉండాలన్నా" అన్నాడు, నా మొహం చూడకుండా.