వాకిట్లో రెండో కుండ

నిన్న సాయంత్రం బర్మాలో మేముండే పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో మా వీధి మలుపున, దారిన పోయేవాళ్ళ కోసం మంచినీళ్ళ కుండలు పెట్టే చెక్క అరుగు మీద వాటి బదులు ప్లాస్టిక్ క్యాన్ కనబడేసరికి, ఎన్నడో పగిలిపోయిన మా వాకిట్లోని రెండో కుండ గుర్తుకొచ్చి, ఇంటికెళ్ళాక అన్నం సహించలేదు.

నా ఈడువాళ్ళకు ఆ రోజుల సంగతి చెప్పనక్కరలేదు. సైనిక పాలన వచ్చి పదేళ్ళు దాటింది. విశ్వవిద్యాలయంలో చరిత్ర ట్యూటరుగా ఉన్న నేను, మా సైన్యం గురించి రాసే ధైర్యం లేక, ఎక్కడో ఆఫ్రికాలోని ఘానాలో సిపాయిలు గద్దె దాకా ఎలా వచ్చారో ఆరేళ్ళపాటు చేత్తో రాస్తూ కూర్చున్నాను. ఆ ఊసెత్తితే తోటివాళ్ళు టీ కప్పు దించి వాన గురించి మాట్లాడేవారు. రెండో ప్రతి రాసి ఎవరికైనా దాచమని ఇద్దామంటే పుచ్చుకునే చెయ్యి లేదు. తెలుగు ఊరి నుంచి ఓడెక్కి వచ్చి రేవులో మూటలు మోసిన నాన్న అప్పటికే పోయాడు. మిగిలింది అమ్మ ఒక్కతే, ఆమెకు అక్షరం రాదు, నేను ఏదో దూరదేశపు సిపాయిల గురించి రాస్తున్నానని మాత్రం తెలుసు. నేను కాగితాలు పెట్టెలో పెట్టి తాళం వేయడం చూసి ఒకసారి అడిగింది.

"ఆ సిపాయిలు ఈ ఊరోళ్ళు కారు గదరా నాన్నా, మరెందుకురా నీకంత బయం?"

నేను పెట్టెను మంచం కిందికి తోసేశాను. ఏం చెప్పినా ఆమెకు అర్థం కాదనుకున్నాను, చదువుకున్న మూర్ఖుణ్ణి.

ఒక రోజు నేను విశ్వవిద్యాలయంలో ఉండగా, పక్క వీధిలో సైనికులు ఇళ్ళు సోదా చేస్తున్నారని కబురు వచ్చిందట. అమ్మ తాళం పగలగొట్టి, కాగితాల కట్ట తీసి, కుమ్మరుల ఊరు ట్వంటే నుంచి కొత్తగా తెచ్చి వాకిట్లో మొదటిదాని పక్కన పెట్టిన, ఇంకా నీళ్ళు నింపని రెండో మంచినీళ్ళ కుండలో పెట్టి మూత వేసింది. భయంలో ఆమెకు అది సోమవారమని గుర్తులేదు. ఎదురింటి బర్మా పెద్దమ్మ పుట్టింది సోమవారం. పుట్టిన వారంనాడు నీళ్ళు దానం చేస్తే పుణ్యమని ఆ వీధి కుండలన్నీ తనే నింపేది. చూపు మందగించిన మనిషి, మూత జరిపి రెండు బిందెలు పోసి వెళ్ళిపోయింది.

నేను వచ్చేసరికి నీలి సిరా నీళ్ళలో కాగితాలు ముద్దై ఉన్నాయి. అమ్మ పక్కనే చతికిలబడి ఉంది.

"నీల్లు తాగడానికొచ్చినోడు కుండలో సెయ్యెట్టి ఎతకడనుకున్నాన్రా," అంది.

సోదావాళ్ళు మా వీధికి రానేలేదు. పెద్దమ్మ పుణ్యం చెడగొట్టడమెందుకని ఆమెకు ఎన్నడూ చెప్పలేదు గానీ, అమ్మతో మాత్రం ఆ వానాకాలమంతా మాట్లాడలేదు. తర్వాత మాట్లాడినా అన్నం, మందులు, వాన, అంతే. నీ తప్పు లేదమ్మా అని చెబుదామనుకుంటూనే ఉన్నాను, ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ ఒక్క పేజీ కూడా రాయలేకపోయాను.

ఇప్పుడు పెద్దమ్మ కూడా లేదు. సోమవారాల్లో మా వాకిట్లో మిగిలిన కుండను నేనే నింపుతున్నాను. పోయేవాళ్ళు సీసాలు కొనుక్కుని పోతారు, సాయంత్రం ఆ నీళ్ళు మొక్కలకు పోస్తాను. అమ్మ అడిగిన దానికి జవాబు ఇప్పుడు నాకు తెలుసు: ఆ సిపాయిలూ మన సిపాయిల్లాంటి వాళ్ళే, అందుకే భయం. ఆ ఒక్క మాట ఆ రోజే చెప్పివుంటే, నా పుస్తకం అర్థమైన మనిషి ఈ లోకంలో ఒక్కరైనా ఉండేవారు.