ఏ నంబర్ పోసినవ్?

"అన్నా, నాయిన పోయిండు." గత సోమవారం పొద్దున బండ్లు బాగుచేసే మిస్త్రీ మామ కొడుకు ఫోన్‌లో చెప్పింది ఇంతే. అప్పుడు నేను లారీకి ఆయిల్ మార్చడానికి ఇంజన్ కింద డబ్బా పెట్టి, నట్టు విప్పబోతున్నాను. స్పానర్ అక్కడే పడేసి దేగ్లూర్ నాకా దగ్గరి వాళ్లింటికి పరుగెత్తాను.

ఆయన నాకు చుట్టం కాదు. మాది మర్ఖేల్, ఆయనది పక్క ఊరు, అందుకని నాందేడ్‌లో మామ అయ్యాడు. ఇరవై ఏళ్లు నా బండ్లన్నీ ఆయన చేతి కిందే నడిచాయి. ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రాసి చూసేవాడు. ముందు పెట్టిన చాయ్ ముట్టేవాడు కాదు. "బండి స్టార్ట్ అయినంక తాగుత" అనేవాడు.

పాత లారీకి ఎండాకాలంలో ఇరవై-యాభై నంబరు ఆయిల్ పోయమని చెప్పింది ఆయనే. ఆ మాట నా బుర్రలో నాటుకుపోయింది. దాన్ని అమ్మి కొత్త లారీ కొన్నాక, మే నెలలో, తెలివి ఎక్కువై నేనే స్వయంగా అదే చిక్కటి ఆయిల్ పోశాను. మర్నాడు అర్ధాపూర్ అరటి గెలలు నింపుకొని హైదరాబాద్ బయల్దేరుతూ, గ్రీసు కొట్టించుకుందామని మామ దగ్గర ఆగాను.

పని అయ్యాక స్టార్ట్ చేస్తే ఆయిల్ ఎర్ర లైటు ఆరలేదు. మామ కిటికీ దగ్గర నిలబడి సెకన్లు లెక్కపెడుతూ వేళ్లు ముడుస్తున్నాడు. నాలుగో వేలికి, "బంద్ చేయ్" అన్నాడు. "ఏ నంబర్ పోసినవ్?"

"ఇరవై-యాభై. నువ్వు చెప్పిందే గద మామా."

"అది పాత బండికి చెప్పిన. దాని బేరింగులు అరిగినయ్. దీని సందులు సన్నగున్నయ్. చిక్కటిది పైకెక్కేదాంక టర్బో ఎండిపోయి తిరుగుతది. కంపెనీ బుక్కు తీయ్."

పండ్ల వ్యాపారి అప్పటికే మూడుసార్లు ఫోన్ చేశాడు. లోడు మీద కప్పిన తాడిపత్రి కింద గెలలు ఉడికిపోతున్నాయి. ఆ సరుకు పాడైతే మళ్లీ నాకు లోడు ఇచ్చేవాడు లేడు, ఇంజన్ పోతే ఇంటికి వేరే ఆధారం లేదు. నాకు ఒళ్లు మండింది.

"సదువు రానోనికి బుక్కెందుకు?" అనేశాను. నా నోరు పడిపోను.

ఆయన ముఖం ఏమీ మారలేదు. "నాకు రాదు. నీకస్తది గద. సదువు."

బుక్కు తీసి చూస్తే, మన ఎండలకు పదిహేను-నలభై అని ఉంది.

"ఆ లైన్ ఏడున్నది?" చూపించాను. నల్లటి బొటనవేలు దాని కింద ఆనించి, "మళ్ల సదువు" అన్నాడు. మళ్లీ చదివాను.

కాలే నేల మీద గోనెసంచి పరుచుకుని లారీ కిందికి దూరాడు. ఆ ఆయిల్ తీసేసి పదిహేను-నలభై పోసేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నర నేను ఫోన్ ఎత్తలేదు. మళ్లీ స్టార్ట్ చేస్తే మొదటి వేలు ముడవకముందే లైటు ఆరిపోయింది. అప్పుడు ఆయన చల్లారి మీగడ కట్టిన చాయ్ తాగాడు.

రెండు గెలలు నల్లబడ్డాయి, అంతే. ఇంజన్ ఇవాళ్టికీ చప్పుడు లేకుండా నడుస్తోంది. అన్న మాటకు క్షమించమని మాత్రం ఆయనను అడగలేదు. అడుగుదాంలే అనుకుంటూ మూడేళ్లు గడిపేశాను.

మట్టి ఇచ్చి వచ్చిన మర్నాడు, సగంలో వదిలిన పని అందుకున్నాను. నంబరు నోటికి వచ్చు. అయినా బుక్కు తీశాను. ఆ లైను కింద ఆయన బొటనవేలి నల్లటి గుర్తు అలాగే ఉంది. బయటికి వినపడేలా రెండుసార్లు చదివాను.